రఫ్తార్ అంటే నడక: మన సడక్‌ల మీద బైకుల చరిత్ర



ఇవాళ ఒక లఫ్జ్‌తో మొదలుపెడతాను. రఫ్తార్. మన పోరగాళ్ళ నోట ఈ మాటకు స్పీడు అనే ఒక్క అర్థమే మిగిలింది. నిజానికి ఇది ఫారసీ నుంచి మన ఉర్దూలోకి వచ్చిన మాట. ‘రఫ్తన్’ అంటే పోవడం. దాన్నుంచి పుట్టిన రఫ్తార్‌కు అసలు మానీ నడక. ఎద్దుకు ఒక రఫ్తార్ ఉంటుంది, వాగు నీళ్ళకు ఒక రఫ్తార్ ఉంటుంది, ముసలి దాదీమాకు కూడా ఒక రఫ్తార్ ఉంటుంది. అందుకే ఉర్దూలో తేజ్ రఫ్తార్ అని, సుస్త్ రఫ్తార్ అని విడదీసి చెప్పుకుంటారు. తెలుగులోనూ ఇదే సంగతి చూడండి. నడక, నడపడం, నడత, ఈ మూడు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చినవి. బండి నడిపే తీరులో మనిషి నడత కనబడుతుందని మన రెండు జబాన్లూ ఎప్పుడో చెప్పి పెట్టాయి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సడక్‌ల మీద మోటార్‌సైకిల్ ఎట్ల వచ్చింది, ఎట్ల మారింది అనే చరిత్ర రాయాలని నాకు చాలా రోజులుగా ఉంది. ఖిలాల గురించి, నవాబుల గురించి రాసేవాళ్ళు ఉన్నారు. ఇంటి ముందు నిలబెట్టిన బండి గురించి రాసేవాళ్ళు తక్కువ. కాని గడిచిన నలభై ఏళ్ళలో మన ఖాందాన్‌ల బతుకును మార్చిన వస్తువుల్లో బండి ఒకటి. మన ఇళ్ళల్లో వేళ కాని వేళ జనాజాలు లేవడానికి కారణమైన వస్తువుల్లో కూడా అది ఒకటి. ఈ చరిత్ర చూస్తే నాకు అర్థమైంది ఇది: బండ్లు మారాయి, సడక్ మారింది, సడక్ పక్కన బతికే మనుషులు మాత్రం అట్లనే ఉన్నారు. హాదసాలన్నీ ఈ తేడాలోనే పుడుతున్నాయి.

సవారీ కచ్చురం జమానా

కోరుట్ల నుంచి జగిత్యాల ఇంచుమించు 25 కిలోమీటర్లు. ఎద్దుల బండి గంటకు నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఆరు గంటల పైమాటే. నిజాం జమానాలో కలిగినవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు పరదా కట్టిన సవారీ కచ్చురంలో పోయేవాళ్ళు. మగవాళ్ళు నడిచేవాళ్ళు, లేదంటే గుర్రం. సవారీ అనే మాట కూడా గమనించదగ్గది. అది బండికీ పేరే, బండి ఎక్కిన మనిషికీ పేరే. టాంగావాలా తన బండిలో కూర్చున్నవాళ్ళను ‘సవారీ’ అనే పిలుస్తాడు. వాడి హిసాబ్‌లో బండి అంటే మనిషి. సవారీ క్షేమంగా దిగితేనే వాడికి కిరాయి.

1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. అప్పుడు దాని దగ్గర ఉన్నవి 27 బస్సులు, పని చేసినవాళ్ళు 166 మంది. నేటి ఆర్టీసీకి అదే మూలం. బస్సుల నెంబర్లలో కనబడే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని మన పెద్దలు చెప్పుకుంటారు. అప్పటి నుంచి చాలా ఏళ్ళ పాటు మన వైపు తేజ్ రఫ్తార్ అంటే బస్సే. అదీ ఊరూరా ఆగుతూ, మట్టి సడక్ మీద దుమ్ము లేపుతూ పోయే బస్సు.

బుల్లెట్, జావా, రాజ్‌దూత్

లోకంలో మొదటి మోటార్‌సైకిల్ అని చెప్పేది 1885లో జర్మనీలో డైమ్లర్, మైబాఖ్ అనే ఇద్దరు తయారు చేసింది. చెక్క చట్రానికి ఇంజను బిగించిన బండి. దాని వేగం గంటకు 12 కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి మన దేశంలో మోటార్‌సైకిల్ తయారీ దాకా రావడానికి 70 ఏళ్ళు పట్టింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టి బుల్లెట్ 350ని బిగించడం మొదలుపెట్టారు. 1961లో మైసూరు నుంచి జావా వచ్చింది. మరుసటి ఏడాది ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్ తెచ్చింది. స్కూటర్లలో లాంబ్రెటా, ఆ తర్వాత బజాజ్ చేతక్. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ కూడా పుష్పక్ అనే స్కూటర్ చేసింది.

ఆ జమానాలో కోరుట్లలోనో జగిత్యాలలోనో బండి ఉన్న ఇల్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. సర్కారీ ఉద్యోగులు, వ్యాపారులు, పట్వారీలు, డాక్టర్లు. మా పెద్ద చిచ్చా దగ్గర ఒక రాజ్‌దూత్ ఉండేది. ఆయన బండి నడిపే పద్ధతి నాకు బాగా గుర్తు. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవాడు. కిక్ కొట్టే ముందు బిస్మిల్లా. మలుపు వచ్చిందంటే ముందే గేరు దించేవాడు, హారన్ కొట్టేవాడు. ఎడ్ల బండి ఎదురైతే బండి పక్కకు ఆపి ఎద్దులు బెదరకుండా పోనిచ్చేవాడు.

దీన్ని మేము ఆయన షరాఫత్ అనుకునేవాళ్ళం. షరాఫత్ ఉన్నమాట నిజమే కాని, అందులో బండి వాటా కూడా ఉంది. అప్పటి బండ్లకు రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, గట్టిగా తొక్కినా నిదానంగా ఆగేవి. ఆరు ఓల్టుల లైటు, ఇంజను నెమ్మదిస్తే అదీ మసకబారేది. అందుకే మగ్రిబ్ దాటాక ఎవరూ దూర ప్రయాణం పెట్టుకునేవాళ్ళు కాదు. సడక్ గుంతలమయం. గుంత, బ్రేకు, లైటు, ఈ మూడూ కలిసి నడిపేవాడికి సబర్ నేర్పాయి. తేజ్ పోవాలని ఉన్నా పోలేని కాలం అది. తర్వాత ఒక్కొక్క అడ్డూ తొలగింది. సబర్ మాత్రం దానంతట అది నిలవలేదు.

దిర్హమ్, రియాల్, హీరో హోండా

1973లో నూనె ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలయ్యాక కరీంనగర్ జిల్లా నుంచి వలస పోవడం మొదలైంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఏ ఊరు చూసినా దుబాయి, మస్కట్, రియాద్, కువైట్‌లలో ఎవరో ఒకరు. ముస్లిం ఇళ్ళల్లోనూ, ముస్లిమేతర ఇళ్ళల్లోనూ ఇదే కథ. అక్కడ ఎండలో కూలీ, ఇక్కడ బీడీలు చేసే అమ్మీ. సిరిసిల్లలో అయితే మర మగ్గాల మీద రాత్రింబగళ్ళు మేహనత్.

సరిగ్గా ఆ కాలంలోనే 1985లో హీరో హోండా కంపెనీ సీడీ 100 తెచ్చింది. నాలుగు స్ట్రోకుల ఇంజను. లీటరుకు 80 కిలోమీటర్లని కంపెనీ చెప్పుకుంది. బలం చూస్తే ఏడు గుర్రాల చిల్లర. 1994లో వచ్చిన స్ప్లెండర్ కూడా అదే తరగతి. అంతకు ముందే 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చి ఉన్నాయి. ఈ బండ్లు షౌక్ కోసం వచ్చినవి కావు. కోరుట్లలో తునికాకు కట్టలు, బీడీల గంపలు మోశాయి. సిరిసిల్లలో నూలు మూటలు, గుడ్డ తాన్లు మోశాయి. పాల క్యాన్లు, పసుపు బస్తాలు, బక్రీద్‌కు కొన్న మేకను కూడా మోశాయి. గల్ఫ్ నుంచి ఛుట్టీకి వచ్చిన భాయి కొన్న బండి మీద ఖాందాన్ మొత్తం షాదీలకు పోయింది. ట్యాంకు మీద ఒక పిల్ల, మధ్యలో ఒకడు, వెనక బుర్ఖాలో అమ్మీ, ఒళ్ళో ఇంకొకడు.

చట్టం ప్రకారం నడిపేవాడి వెనక ఒక్కరే కూర్చోవాలి. కాబట్టి అది అప్పుడూ తప్పే. అట్ల పోయి కూడా ఎందుకు బతికి బయటపడ్డామంటే బండి 40 దాటేది కాదు, సడక్ మీద వేరే బండ్లు తక్కువ. ఆ అలవాటును మనం నేటికీ మోస్తున్నాం. బండి మారింది, నలుగురు ఎక్కడం మారలేదు. ఇంకొక సంగతి మన ఆడవాళ్ళ కోసం చెప్పాలి. వెనక చక్రంలో బుర్ఖా, దుపట్టా, చీర కొంగు చిక్కుకుని పడిపోయిన ఘటనలు ప్రతి ఊరిలో ఉంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దీని గురించే. వెనక కూర్చున్నవాళ్ళకు పట్టుకునేందుకు పిడి, కాళ్ళు పెట్టేందుకు ఆసరా, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలి. చాలామంది కొత్త బండి అందం పోతుందని ఆ గార్డు తీయించేస్తారు. తీయించకండి. అది అమ్మీ కోసం, ఆపా కోసం, బేగం కోసం పెట్టిన వస్తువు.

షౌక్ వచ్చిన కాలం

అదే 1985లో ఇంకొక బండి కూడా వచ్చింది. యమహా ఆర్‌ఎక్స్ 100. ఇంజను సీడీ 100 అంతే, బలం మాత్రం 11 గుర్రాలు, బరువు తక్కువ. కాలేజీ పోరగాళ్ళ దిల్ మీద ఈ బండి చేసిన రాజ్యం ఇంకే బండీ చేయలేదు. 1996లో దాని తయారీ ఆగింది. ఇప్పటికీ పాత ఆర్‌ఎక్స్ దొరికితే కొత్త బండి ధర పెట్టేవాళ్ళు ఉన్నారు. 2001 చివర బజాజ్ పల్సర్ వచ్చింది, 180 సీసీ బండికి 15 గుర్రాల బలం. దాని ప్రచారం మొత్తం మర్దానగీ చుట్టూ తిరిగింది. అంటే బండి ఎంత పెట్రోలు తాగుతుంది అనే సవాలు పోయి, బండి నడిపేవాడు ఎంత మగాడు అనే సవాలు వచ్చింది. 2004లో ధూమ్ సినిమా. 2012లో 25 గుర్రాల బలంతో కేటీఎం డ్యూక్ 200. ఏడు నుంచి ఇరవై ఐదుకు రావడానికి ముప్ఫై ఏళ్ళు కూడా పట్టలేదు.

దీనితో పాటే నడిపే తీరూ మారింది. చిచ్చా నిటారుగా కూర్చుని దూరం చూస్తూ నడిపేవాడు. కొత్త బండి మీద పోరడు ట్యాంకు మీదకు వంగి పడుకుంటాడు. ఆ భంగిమ రేసు మైదానం కోసం పుట్టింది. గాలి తగలకుండా, మలుపులో బండి వాలడానికి వీలుగా. రేసు మైదానంలో అందరూ ఒకే దిక్కుకు పోతారు. అడ్డంగా గేదె రాదు, ఎదురుగా ట్రాక్టర్ రాదు, పడితే తగిలేందుకు కరెంటు స్తంభం ఉండదు.

జాతరల్లో, హైదరాబాద్ నుమాయిష్‌లో మౌత్ కా కుఁవా చూడనివాళ్ళు మనలో తక్కువ. చెక్క బావి గోడల మీద బండి గిర్రున తిరుగుతుంది. అక్కడ వేగం తగ్గితే పడిపోతాడు, కాబట్టి వేగమే వాడి ప్రాణం. కాని బావిలో ఉన్నది వాడు ఒక్కడు, లేదంటే వాడి జట్టు. జనం అంతా పైన అంచు దగ్గర నిలబడి ఉంటారు. వాడి ప్రాణం వాడి చేతిలోనే ఉంటుంది, ఆ హునర్ వాడి రోటీ. కోరుట్ల బస్టాండు ముందు, జగిత్యాల టవర్ దగ్గర అదే ఆట ఆడేవాడు జనాన్ని బావి లోపలికి లాక్కుంటున్నాడు. వాళ్ళను ఎవరూ అడగలేదు, టికెట్టూ ఇవ్వలేదు.

సడక్ మారింది, పక్కన మనుషులు మారలేదు

నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా మంచిర్యాల దాటి జగ్దల్‌పూర్ పోయే బాట మునుపు 16వ నెంబరు జాతీయ రహదారి. దేశమంతా నెంబర్లు మార్చినప్పుడు అది 63 అయింది. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయేది 563. బండ్ల నెంబర్లు కూడా మారుతూ వచ్చాయి. కరీంనగర్ జిల్లాకు ఏపీ 15 ఉండేది, తెలంగాణ వచ్చాక టీఎస్ 02 అయింది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక జగిత్యాలకు 21, రాజన్న సిరిసిల్లకు 23 వచ్చాయి. 2024 నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. నున్నని తారు, తెల్ల గీతలు, వెడల్పు భుజాలు. చిచ్చాను ఆపిన గుంతలు ఇప్పుడు లేవు.

సడక్ అంచున మాత్రం ఏం మారింది? వానాకాలం పంట కోతల తర్వాత వడ్లు సడక్ మీదే ఆరబోస్తారు, మక్కలు ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. రాత్రి ఆ రాళ్ళు కనబడవు. పసుపు బస్తాల ట్రాక్టర్‌కు వెనక లైటు ఉండదు. బడి వదిలితే పిల్లలు సడక్ దాటాలి. ఫజర్‌కు మస్జిద్ పోయే ముసలాయన చీకట్లోనే దాటాలి. బీడీల గంపతో ఖాలా దాటాలి. వీళ్ళ నడక గంటకు నాలుగు కిలోమీటర్లే. సవారీ కచ్చురం నాటి రఫ్తార్ అది. ఒకే సడక్ మీద నాలుగు, ఎనభై ఎదురుపడుతున్నాయి.

మన జిల్లా మరిచిపోలేని హాదసా బైకుది కాదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ దిగుతూ జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువ మంది ఆడవాళ్ళు. ఆ రోజు ఒక్కసారిగా పోయారు కాబట్టి దేశమంతా ఏడ్చింది. బైకుల మీద ఒక్కరొక్కరుగా, ఇద్దరిద్దరుగా పోతున్నారు కాబట్టి వాళ్ళ ఇంటివాళ్ళే ఏడుస్తున్నారు. 2022లో దేశంలో సడక్ హాదసాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది రెండు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్ళు. మొత్తం మరణాల్లో ప్రతి పదిలో ఏడింటికి కారణం మితిమీరిన వేగం అని కేంద్ర సర్కారు లెక్కలే చెప్తున్నాయి.

వేగం హిసాబ్

పిల్లలను తిట్టే బదులు వాళ్ళతో కలిసి ఈ హిసాబ్ వేయండి. నేను మా ఇంట్లో వేసి చూపించాను.

60లో పోతున్న బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా గేదె కనబడిందనుకోండి. కన్ను చూసి, దిమాగ్ తెలుసుకుని, చెయ్యి బ్రేకు పట్టేలోపు ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత ఎండిన తారు మీద మంచి బ్రేకులతో ఆగడానికి ఇంకొక 20 మీటర్లు. మొత్తం 37. అదే 80లో అయితే 22, 35 కలిపి 57 మీటర్లు. 100లో 83 మీటర్లు. 40లో పోతే 20 మీటర్లు చాలు. వేగం రెండింతలైతే ఆగే దూరం కూడా రెండింతలే అని మన దిల్ అనుకుంటుంది. బ్రేకు పట్టాక పట్టే దూరం నాలుగింతలవుతుంది. వాన పడినా, ఆరబోసిన వడ్లు ఉన్నా, వెనక ఇద్దరు కూర్చున్నా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఫాయిదా ఎంతో చూద్దాం. కోరుట్ల నుంచి జగిత్యాలకు 60లో పోతే 25 నిమిషాలు, 80లో పోతే 19 నిమిషాలు. మిగిలేది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ హోటల్‌లో చాయ్ చల్లారే లోపే ఖర్చైపోతాయి.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మోటార్‌సైకిల్‌కు పైహద్దు నాలుగు లేన్ల రహదారి మీద 80, పట్టణంలోనూ మామూలు సడక్ మీదా 60. ఎక్కడైనా తక్కువ హద్దు బోర్డు పెడితే అదే లెక్క. హద్దు అంటే అంతవరకూ తప్పక పోవాలని కాదు. మనుషులు నడిచే చోట 30 దాటవద్దని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ సభ చెప్పింది. ఊరి మొదట్లో 30కి దించి, ఊరు దాటాక పెంచుకునేవాడే నా హిసాబ్‌లో ఉస్తాద్.

బ్రేకుల గురించి కూడా ఒక మాట. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని మన పెద్దల్లో ఒక డర్ ఉండేది. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది కాబట్టి ఎక్కువగా ఆపేది ఆ బ్రేకే. రెండూ కలిపి, ఒక్కసారి లాగకుండా బిగిస్తూ పోవాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం జామ్ కాకుండా చూసే ఏబీఎస్, చిన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఇసుక మీద, మలుపులో మాత్రం ఏ ఏర్పాటూ జల్ద్‌బాజీని కాపాడదు.

హెల్మెట్ వెనక ఒక అంగ్రేజ్

లారెన్స్ ఆఫ్ అరేబియా పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా ఖిలాఫత్ మీద అరబ్బుల తిరుగుబాటుతో కలిసి నడిచిన అంగ్రేజ్ ఫౌజీ. ఆయన సియాసత్ గురించి మన అభిప్రాయం ఏమైనా కానీ, ఆయన మౌత్ మనకు ఒక పాఠం ఇచ్చింది. ఆయనకు బ్రఫ్ సుపీరియర్ అనే తేజ్ మోటార్‌సైకిళ్ళంటే పిచ్చి షౌక్. 1935 మే 13న ఇంగ్లండ్‌లో తన ఇంటి దగ్గర సడక్ మీద పోతుండగా సైకిళ్ళ మీద ఇద్దరు పిల్లలు అడ్డం వచ్చారు. వాళ్ళను తప్పించబోయి పడిపోయాడు. తలకు దెబ్బ. ఆరు రోజుల తర్వాత, మే 19న చనిపోయాడు. వయసు 46.

ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. మోటార్‌సైకిల్ మీద నుంచి పడి తల పగిలి చనిపోయేవాళ్ళ గురించి ఆయన ఏళ్ళ తరబడి తహకీక్ చేశాడు. 1941లో హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని వైద్య పత్రికలో రాశాడు. అదే ఏడాది బ్రిటిష్ ఫౌజ్‌లో బండి నడిపేవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి చేశారు. మామూలు జనానికి బ్రిటన్‌లో ఆ కానూన్ 1973లో వచ్చింది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ఇదే చెప్తుంది. నడిపేవాడికీ, వెనక కూర్చున్నవాడికీ, నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు దేశంలో 50,029 మంది.

జుమ్మాకు పోయే పోరగాళ్ళు తెల్ల టోపీ పెట్టుకుని ముగ్గురు ఒక బండి ఎక్కడం మన ఊళ్ళల్లో మామూలు. టోపీ జేబులో పెట్టుకుని, హెల్మెట్ తలకు పెట్టుకుని పోయి, మస్జిద్ దగ్గర మార్చుకుంటే నమాజ్‌కు వచ్చిన కొరత ఏమీ లేదు.

మన ఇంటి సంగతి

2011 సెప్టెంబర్‌లో మాజీ క్రికెట్ కెప్టెన్ అజహరుద్దీన్ 19 ఏళ్ళ కొడుకు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు పడి చనిపోయాడు. వెనక కూర్చున్న 16 ఏళ్ళ బంధువు కూడా పోయాడు. వెయ్యి సీసీ బండి అది. అప్పుడు మన ప్రతి ఇంట్లో దాని గురించి మాట్లాడుకున్నారు, ఆ తల్లిదండ్రుల కోసం దువా చేశారు. కొన్ని నెలలకే మరిచిపోయాం. షబే బరాత్ రాత్రి, జాగ్నే కీ రాత్ వస్తే హైదరాబాద్ పోలీసులు ప్రతి ఏడూ ఫ్లైఓవర్లు మూసేస్తున్నారు. ఇబాదత్ కోసం మేలుకోవాల్సిన రాత్రి బైకుల ఆట కోసం మేలుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టే అది. ఎవరో మనల్ని బద్నామ్ చేస్తున్నారని నేను అనలేను. ఆ పిల్లలు మన మొహల్లాల పిల్లలే.

గల్ఫ్ చూసినవాళ్ళకు ఇంకొక సంగతి తెలుసు. సౌదీలో 2010లో సాహెర్ కెమెరాలు వచ్చాయి. మన భాయిలు అక్కడ హద్దు దాటరు. ఒక్క జుర్మానాతో నెల జీతంలో ఎంత పోతుందో తెలుసు. అదే మనిషి ఛుట్టీకి వచ్చి మెట్‌పల్లి బాట మీద 90 కొడతాడు. అంటే చేతకాక కాదు, ఇక్కడ అడిగేవాడు లేడనే. జుర్మానా భయంతో వచ్చే సబర్ కెమెరా దగ్గర మొదలై కెమెరా దగ్గరే ఆగిపోతుంది.

అబ్బా దుబాయిలో ఉంటాడు. ఇంటర్ చదివే కొడుకు ఫోన్‌లో జిద్ చేస్తాడు. దూరంగా ఉన్నాననే బాధతో అబ్బా పైసలు పంపిస్తాడు, అమ్మీ కాదనలేకపోతుంది. పిల్లవాడికి 16 ఏళ్ళు. 2019లో సవరించిన చట్టంలో 199ఏ సెక్షన్ దీని కోసమే వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే బండి యజమానినీ, తల్లిదండ్రులనూ బాధ్యులుగా చూస్తారు. మూడేళ్ళ దాకా ఖైదు, 25,000 రూపాయల జుర్మానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంటి కాగితాల్లో బండి అమ్మీ పేరు మీద ఉంటే, బీడీలు చేసుకునే ఆమె అదాలత్ మెట్లు ఎక్కాలి. అబ్బాకు కఫీల్ ఛుట్టీ ఇచ్చి, టికెట్టు దొరికి వచ్చేలోపు ఏం జరగాలో అది జరిగిపోతుంది. కొడుకు జనాజాను ఫోన్ తెరలో చూసిన తండ్రులు మన జిల్లాలో ఉన్నారు. ఆ ఇళ్ళకు పుర్సాకు పోయినవాళ్ళకు నేను ఇంతకంటే చెప్పక్కర్లేదు.

రాస్తాకు హక్ ఉందని మన ఇళ్ళల్లో పిల్లలకు మాట వచ్చినప్పటి నుంచే చెప్తాం. దారిలో ముల్లు కనబడితే తీసి పక్కన పెట్టడం సవాబ్ అంటాం. ముల్లు తీసిన చేతితోనే ఎవరి గుండె అదిరేలా బండి దూకించడం ఆ పాఠానికి ఎదురు. హాదసా కనబడితే ఆగడం కూడా ఆ హక్‌లో భాగమే. పోలీసు కేసులో ఇరుక్కుంటామని చాలామంది ఆగరు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, తర్వాత 2019 సవరణ చట్టం సాయం చేసినవాడికి పూర్తి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. ముందు 108కి ఫోన్ చేయండి, మొదటి గంట చాలా విలువైనది.

ఈ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు మీ బండి చుట్టూ ఒకసారి తిరగండి. వెనక చక్రానికి గార్డు ఉందా, టైర్లకు గీతలు మిగిలాయా, వెనక లైటు వెలుగుతుందా, తాళం ఎవరి చేతిలో ఉంటుంది, ఇంట్లో ఎన్ని తలలకు ఎన్ని హెల్మెట్లు ఉన్నాయి. దుబాయిలో ఉన్న అబ్బాకు కూడా ఫోన్‌లో చూపించండి. పైసలు ఆయనవి, అడిగే హక్ ఆయనకు ఉంది.

ఖుదా హాఫిజ్. నిదానంగా పోయి రండి.